తలసరి ఆరు కిలోల నైపుణ్యం

యూనివర్సిటీ సంగతులంటే నన్నడగాలి. నేను చదివింది మా ఊరి బళ్ళో ఐదో క్లాసు దాకానే, దాచుకోను. కానీ మా జిల్లా విశ్వవిద్యాలయంలో గడ్డిపరక కదలాలన్నా నాకు తెలియకుండా కదలదు. ఇప్పుడు చెప్పబోయేదాంట్లో ప్రతి ముక్కా పక్కన నిలబడి ఈ రెండు కళ్ళతో చూసిందే. అక్షరం కలపలేదు, అక్షరం తగ్గించలేదు. అనుమానం ఉన్నవాళ్ళు ఇక్కడే లేచి వెళ్ళిపోవచ్చు, నేనేమీ అనుకోను.

ఆ విశ్వవిద్యాలయంలో తత్వశాస్త్రం చెప్పే పరాంకుశం మాస్టారని ఒకాయన. మంచి మనిషి. పొడుగు మనిషి కూడాను, గుమ్మం ఎంత ఎత్తున్నా అలవాటుకొద్దీ తల వంచి మరీ దాటేవాడు. పదకొండేళ్ళుగా కాంట్రాక్టు ఉద్యోగం. అంటే ఏటా జూన్ ముప్పయ్యో తేదీ సాయంత్రం ఐదింటికి ఆయన ఉద్యోగం చచ్చిపోయేది. రిజిస్ట్రారు గారికి దయ కలిగితే మర్నాడు పొద్దున పదింటికి మళ్ళీ బతికేది. ఆ మధ్య గంటల్లో తానెవరో ఆయనకే తెలిసేది కాదు. తత్వశాస్త్రం మాస్టారు గనక ఆ స్థితి మీద పిల్లలకి ఏటా రెండు క్లాసులు తీసుకునేవాడు. బాగా చెప్పేవాడని పేరు.

ఆ ఏడు ఏప్రిల్లో రిజిస్ట్రారు గారు కబురు పెట్టారు. ఆయన మాట్లాడితే ఫైలు నోరు తెరిచి మాట్లాడినట్టుండేది.

"పై విషయం క్షుణ్ణంగా పరిశీలించడమైనది, పరాంకుశం గారూ," అన్నారు, ఏ విషయమో ఇంకా చెప్పకుండానే.

విషయం ఏమిటంటే, రాజధాని నుంచి ఉత్తర్వు దిగింది. పీజీ పిల్లలూ, పరిశోధక విద్యార్థులూ చదువైతే చదువుతున్నారు గానీ వాళ్ళలో నైపుణ్యం లేదని పైవాళ్ళకి ఎవరో చెప్పారట. అందుకని మే ఇరవై నుంచి జూన్ ముప్పై దాకా, నలభై రెండు రోజులు, వేసవి నైపుణ్య పాఠశాల. అరవైమంది విద్యార్థులు. భావ వ్యక్తీకరణ, నాయకత్వం, ఒత్తిడిని తట్టుకోవడం, కలిసి పనిచేయడం, ఇలాంటివన్నీ నేర్పాలి. నేర్చుకున్నట్టు పత్రం లేనివాడి ఫలితం ఆపేస్తారు. దీనికి సమన్వయకర్త పరాంకుశం మాస్టారు.

"నేనా?" అన్నాడు మాస్టారు.

రిజిస్ట్రారు గారు ఆ ప్రశ్నను రికార్డుల్లోకి ఎక్కనివ్వలేదు. తత్వశాస్త్రంలో ఆ ఏడు చేరినవాళ్ళు ముగ్గురనీ, అందులో ఒకడు హాస్టలు భోజనం కోసం చేరాడనీ, ఆ పోస్టు అవసరమా అని ఆడిట్టు వాళ్ళు ఎర్ర సిరాతో రాశారనీ గుర్తు చేశారు. పాఠశాల విజయవంతమైనట్టు పైనుంచి వచ్చే కమిటీ జూన్ ముప్పయ్యో తేదీ సాయంత్రం ఐదింటిలోగా సంతకం పెడితే, పునర్నియామకం ఫైలు మీద తనూ పెడతారు. పెట్టకపోతే ఈసారి ఆ పోస్టు చావడమే గానీ లేవడం ఉండదు.

మాస్టారు తల వంచి, గుమ్మం దాటి, వరండాలో నిలబడి ఉత్తర్వు చదివాడు. ఏడో నిబంధన దగ్గర ఆగిపోయాడు. "శిక్షకులు తాము బోధించు నైపుణ్యమునందు ప్రభుత్వ గుర్తింపు గల శిక్షణా ధ్రువపత్రము కలిగి యుండవలెను. డిగ్రీలు విద్యార్హతలే గాని నైపుణ్యములు గావు." కింద తొమ్మిదో నిబంధన ఉంది. "విద్యార్థి పొందిన నైపుణ్యము అంకెలలో కొలువబడవలెను. ముగింపునాటి అంకె ప్రారంభమునాటి అంకెకన్న పెద్దదై యుండవలెను."

ఆ విశ్వవిద్యాలయంలో ఆచార్యులు, సహాచార్యులు, అసహాయాచార్యులు అంతా కలిసి రెండువందల పద్నాలుగు మంది. మాస్టారు వారం రోజులు ఒక్కో గదికీ తిరిగి అడిగాడు. డాక్టరేట్లు గంపలకొద్దీ ఉన్నాయి. ఒకాయన దగ్గర మూడున్నాయి, మూడోది ఎందులోనో తనే కనుక్కుని చెబుతానన్నాడు. నైపుణ్యం ఉన్నట్టు కాయితం మాత్రం ఒక్కడి దగ్గరా లేదు. వాణిజ్యశాస్త్రం ఆయన ఒకప్పుడు టైపు లోయరు పాసయ్యాడు గానీ ఆ సర్టిఫికెట్టు చెదలు తినేశాయి. నాయకత్వం మీద నాలుగు పుస్తకాలు రాసిన ఆచార్యుడు, నాయకత్వం వచ్చినట్టు తనకెవరూ రాసివ్వలేదని కాస్త నొచ్చుకున్నాడు.

ఎనిమిదోనాడు మాస్టారు తన గదిలో తలపట్టుకు కూర్చుంటే అటెండరు కాశింపీరా టీ తెచ్చాడు. సంగతేమిటని అడిగి, అంతా విని, గ్లాసు బల్లమీద పెట్టాడు.

"నా దగ్గరుంది సార్," అన్నాడు.

"ఏముంది?"

"ఆ కాయితం."

సైకిలు సీటు కిందనుంచి ప్లాస్టిక్ కవరు తీసుకొచ్చి చూపించాడు. అతికించిన ఫోటో, ఫోటో మీద సగం కాయితం మీద సగం పడ్డ గుండ్రటి ముద్ర, ఆకుపచ్చ సంతకం. షేక్ కాశింపీరా అనువారు పదిహేను దినముల కోళ్ళ పెంపకపు శిక్షణను తృప్తికరముగా పూర్తి చేసినారు. ఇరవై ఏళ్ళనాడు ఈ ఉద్యోగం రాకముందు, వాళ్ళ మామ కోళ్ళఫారం పెట్టిస్తానంటే వెళ్ళి నేర్చుకున్నాడట. మామ మనసు మార్చుకున్నాడు, కాయితం మిగిలింది.

మాస్టారు ఆ కాయితాన్ని రిజిస్ట్రారు గారి దగ్గరికి తీసుకెళ్ళాడు, ఆయన నవ్వుతారనీ, నవ్వితే ఏడో నిబంధన సడలించమని అడగొచ్చనీ. రిజిస్ట్రారు గారు నవ్వలేదు. ముద్రను వెలుగులో పెట్టి చూశారు. ఇది నిబంధనకు అక్షరాలా సరిపోయిందనీ, అర్హుడైన ఏకైక శిక్షకుడు దొరకడం సంస్థ అదృష్టమనీ, అన్ని అంశాలనూ ఆయన చేతే, ధ్రువపత్రంలో పేర్కొన్న నైపుణ్యానికి లోబడి, బోధింపజేయాలనీ సెలవిచ్చారు.

"లోబడి అంటే, అయ్యా?"

"అంటే నాయకత్వమే, కానీ కోళ్ళ ద్వారా."

మాస్టారు పాఠ్యప్రణాళిక రాశాడు. భావ వ్యక్తీకరణ, కోళ్ళ ద్వారా. ఒత్తిడిని తట్టుకోవడం, కోళ్ళ ద్వారా. కొలత సంగతి పీరాయే తేల్చాడు. తలా ఒక కోడిపిల్లనివ్వండి సార్, మొదటిరోజు తూచండి, ఆఖరిరోజు తూచండి, నలభై రెండో రోజుకి బరువు తగ్గిన కోడిని నేనింతవరకు చూళ్ళేదన్నాడు. పైగా ఫారం కోడిని నలభై రెండు రోజులకే తీస్తారు, మీ పైవాళ్ళెవరో తెలిసినవాళ్ళే లెక్క కట్టారు, అని మెచ్చుకున్నాడు.

మే ఇరవయ్యో తేదీన పాఠశాల మొదలైంది. పొద్దున్నే పీరా ఇస్త్రీ చొక్కా వేసుకుని, అలవాటుకొద్దీ టీ ట్రే పట్టుకుని క్లాసులోకొచ్చాడు. మాస్టారు లేచి నిలబడి, రండి పీరా గారూ అన్నాడు.

"గారు వద్దు సార్, ఒళ్ళు జలదరిస్తోంది."

"శిక్షకుణ్ణి నువ్వనకూడదని పదకొండో నిబంధన."

అరవైమందికీ టీలిచ్చాక క్లాసు మొదలైంది. కాళ్ళకి నంబరు రింగులు తొడిగిన అరవై కోడిపిల్లలు, ఒక్కోటీ నలభై రెండు గ్రాములు, అట్టపెట్టెల్లో కీచుకీచుమంటున్నాయి. యేసుబాబని, నాలుగేళ్ళుగా భౌతికశాస్త్రంలో పరిశోధన చేస్తున్న కుర్రాడు చెయ్యెత్తి, సార్, ఇందులో నాయకత్వం ఎక్కడుందని అడిగాడు. పీరా పెట్టెలోకి తొంగిచూశాడు.

"ముందు నీళ్ళు మార్చు బాబూ. అది తరవాత దానంతటదే వస్తుంది."

నిజం చెప్పొద్దూ, నాలుగు రోజుల్లో క్లాసు దారిలో పడింది. దాణా వేసి పైనుంచి అరిస్తే పిల్ల తినదనీ, కిందికి కూర్చుని కాయితం మీద వేలితో టకటక కొడితే తల్లి పొడుస్తోందనుకుని వచ్చి తింటుందనీ పీరా చూపించాడు. అది భావ వ్యక్తీకరణ. పిల్లలన్నీ ఒకచోట ముద్దగా చేరితే చలి, గోడలకి అంటుకుపోతే వేడి, చల్లినట్టు గదంతా తిరిగితే బాగున్నట్టు, వాటినేం అడగక్కర్లేదు, చూస్తే చాలన్నాడు. అది నాయకత్వం. ఏడోనాడు కంట్లో మందుచుక్కలు వేయాలి. ఒకరు పట్టుకోవాలి, ఒకరు వేయాలి, ఒకరు లెక్కపెట్టాలి. అది కలిసి పనిచేయడం. ఊక తిరగేయడం దేనికిందికి వస్తుందో మాస్టారికి తేలక, పరిశోధనా పద్ధతులు అని రాసుకున్నాడు. యేసుబాబు మాత్రం అదే సరైన మాట అన్నాడు.

కోమలి అని ఎమ్మే అర్థశాస్త్రం పిల్ల ఒకతి ఉండేది. రెండేళ్ళలో సెమినారులో నోరు విప్పిన పాపాన పోలేదు, హాజరు పిలిస్తే కూడా చెయ్యెత్తేది. ఆ అమ్మాయి పదిహేడో నంబరు పిల్లతో పొద్దుటినుంచి సాయంత్రం దాకా మాట్లాడుతూనే ఉండేది. గిరాకీ సరఫరా సిద్ధాంతమంతా దానికి అప్పజెప్పేసింది. పిల్ల మధ్యమధ్య కీచుమనేది. మా సారు వాళ్ళు ఆమాత్రం కూడా అనరని కోమలి ముచ్చటపడింది.

ఇలా ఉండగా పరీక్షల విభాగం నుంచి కాయితం వచ్చింది. ముగింపుదినాన కొలతకు హాజరయ్యే ప్రతి ఒక్కరికీ హాల్‌టికెట్ ఉండాలి. ప్రతి ఒక్కరిలో కోళ్ళు వస్తాయా అని మాస్టారు అడిగితే, కొలిచేది ఎవరినో వాళ్ళకే అని తిరుగు జవాబొచ్చింది. ఫోటోలు తీశారు. అరవై హాల్‌టికెట్లకీ ఒకే ఫోటో అంటించారు, ఎవరూ పట్టుకోలేకపోయారు. ఆ తరవాత హాజరు డెబ్భై అయిదు శాతం ఉండాలన్నారు. కోళ్ళ హాజరు నూటికి నూరు, కాపలా ఉన్న పిల్లల హాజరు తొంభై తొమ్మిది. ఆ విశ్వవిద్యాలయం పుట్టాక అంత హాజరు చూళ్ళేదు. రెండురోజులు అంకెలు తప్పేమోనని విచారణ జరిపించారు.

రోహిణికార్తె ఎండ నలభై ఆరు దాటింది. ఫారం కోడికి అంత వేడి ఆగదు, తడి గోనెలు కట్టినా రోజు తిరక్కుండానే రాలిపోతాయని పీరా చెప్పాడు. శిక్షణ సామగ్రి దెబ్బతింటే సమన్వయకర్త బాధ్యుడని పన్నెండో నిబంధన. ఆ ప్రాంగణం మొత్తానికి పనిచేసే ఏసీలు ఒక్క పాలకమండలి సమావేశ మందిరంలోనే ఉన్నాయి. మాస్టారు అర్జీ పెట్టాడు. రిజిస్ట్రారు గారు ఒక పూటంతా ఆలోచించి, శిక్షణ సామగ్రికి రక్షణ కల్పించవలెనని ఉత్తర్వులో ఉందనీ, పాలకమండలి సభ్యులకు కల్పించవలెనని ఎక్కడా లేదనీ తేల్చారు. కోళ్ళు మందిరంలోకి వెళ్ళాయి, పాలకమండలి రేకుల షెడ్డులోకి వచ్చింది. ఏటా రెండురోజులు సాగే సమావేశం. ఆ ఎండకి నలభై అంశాలూ పదకొండు నిమిషాల్లో ఆమోదించి, సభ్యులు పరుగున బయటపడ్డారు. అందులో ముప్పైరెండో అంశం తమ సభ్యత్వం రద్దు సంగతి అని ఇళ్ళకెళ్ళాక చదువుకున్నారు.

ఇక్కడ ఒకమాట. అన్నీ పక్కన నిలబడి ఈ కళ్ళతో చూశానన్నాను గదా. ఆ మే, జూన్ రెండు నెలలూ నేను మా మేనకోడలి ఊళ్ళో మామిడిపళ్ళు తింటూ కూర్చున్నాను. చూసింది మా వియ్యంకుడి తమ్ముడు, అక్కడ ఏసీలు బాగుచేసే మనిషి. అతని మాట మీద నాకు నమ్మకం, నా మాట మీద మీకు నమ్మకం, అంటే మీరు చూసినట్టే అయింది. గడ్డిపరక సంగతి కూడా కాస్త చూసీచూడనట్టు పోనివ్వండి.

జూన్ ఆఖరివారానికి ఒక్కో కోడీ రెండు కిలోలకి దగ్గరపడింది. మాస్టారు రోజూ మందిరానికి వెళ్ళి, పాలకమండలి కుర్చీల్లో పేరుపలకల వెనక కూర్చున్న కోళ్ళను చూసి, తన పునర్నియామకాన్ని చూసినట్టే సంతోషపడేవాడు. ముప్పయ్యో తేదీ పొద్దున పదింటికి ఐదుగురు సభ్యుల కమిటీ వస్తుంది, తూస్తుంది, సంతకం పెడుతుంది. అది ఐదులోగా రిజిస్ట్రారు గారి బల్ల మీదికి వెళుతుంది. ఇంతే మిగిలింది.

ఇంతే అనుకున్నాడు గానీ, ముగింపు సభ అన్నాక భోజనం ఉంటుంది. కమిటీకీ, అతిథులకీ కలిపి రెండువందల మందికి కోడికూర అని రిజిస్ట్రారు గారే ఖరారు చేశారు. ఆ విశ్వవిద్యాలయంలో గుండుసూది కొనాలన్నా ముందు స్టోర్సులో అది లేదని రాయించుకోవాలి. మెస్సు మేనేజరు ఆ కాయితం పట్టుకుని స్టోర్సు సూపరింటెండెంటు త్రిపురాంబ గారి దగ్గరికి వెళ్ళాడు. ఆవిడ చాలా నిక్కచ్చి మనిషి. ఒకసారి సుత్తి లేదని రాసిచ్చాక బీరువా కింద సుత్తి కనబడితే, తనమీద తనే సంజాయిషీ నోటీసు రాసుకుని, జవాబు తృప్తికరంగా లేదని తిప్పి పంపింది. ఆవిడ పుస్తకం తెరిచింది. కోళ్ళు, సజీవ, అరవై. కింద మే ఇరవయ్యో తేదీ, పరాంకుశం మాస్టారి సంతకం.

"స్టాకులో ఉన్న వస్తువుని లేదని నేను రాయను బాబూ. ఇరవై ఎనిమిదేళ్ళ సర్వీసులో రాయలేదు. ఉన్నవి ముందు వాడండి, తక్కువైతే అప్పుడు రండి."

స్టాకు విడుదల కాయితం మీద సమన్వయకర్త సంతకం కావాలి. ముగింపు ముందురోజు మధ్యాహ్నం మాస్టారి బల్లమీదికి ముప్పైఒక్క కాయితాలొచ్చాయి. షామియానా, మైకు, పూలదండలు, అతిథుల గది తాళాలు. పదకొండేళ్ళ సర్వీసులో ఆయన నేర్చుకున్నది ఒకటే, కాంట్రాక్టు వాడు కాయితం చదివితే ఎందుకు చదివావని అడుగుతారు. ఇరవై ఆరోది కోళ్ళది. పెట్టేశాడు.

ముప్పయ్యో తేదీ పదింటికి రావలసిన కమిటీ, దారిలో ఇంకో చోట ఇంకేదో ప్రారంభించి, ఒంటిగంటకి దిగింది. అధ్యక్షులు ఆచార్య సౌమిత్రి గారు భారీ మనిషి. కారు దిగుతూనే, మూల్యాంకనానికి ముందు మూల్యాంకనం చేసేవారి స్థితి సుస్థిరంగా ఉండాలని ఒక సిద్ధాంతం చెప్పారు. అంటే ముందు భోజనం. మాస్టారే దగ్గరుండి వడ్డించాడు. కూర అద్భుతంగా కుదిరింది. సౌమిత్రి గారు మూడుసార్లు వేయించుకున్నారు. పిల్లలు అరవైమందీ ఎందుకో వేరే మూల కూర్చుని, తలెత్తకుండా పెరుగన్నం తింటున్నారు. మాస్టారు పట్టించుకోలేదు.

రెండున్నరకి కమిటీని ఆకువక్కల దగ్గర కూర్చోబెట్టి, తూకం ఏర్పాట్లు చూద్దామని ఆయన మందిరంలోకి వెళ్ళాడు. ఏసీలు చల్లగా తిరుగుతున్నాయి. కుర్చీలన్నీ ఖాళీ. పీరా ఒక్కడే చీపురుతో ఊక పోగుచేస్తున్నాడు.

"పీరా గారూ, కోళ్ళేవి?"

"తిన్నారు గదా సార్."

మాస్టారు కుర్చీలో కూలబడ్డాడు. కుర్చీ కాదు, ఊకలో. పీరా ఆయన సంతకం ఉన్న కాయితం జేబులోంచి తీసి చూపించాడు. తెల్లారి ఆరింటికి మెస్సువాళ్ళు బుట్టలు తెచ్చారట. సారు సంతకం చూసి, పిల్లల్ని పిలిచి, ఒక్కొక్కళ్ళచేతా అప్పగింపు పుస్తకంలో రాయించి మరీ ఇచ్చాడట.

"ఆపొద్దూ? నాకొచ్చి చెప్పొద్దూ?"

"కోళ్ళని పెంచేది అందుకే గదా సార్," అన్నాడు పీరా, నిజంగానే అర్థంగాక. "మీరింకెందుకనుకున్నారు?"

పదకొండేళ్ళు తత్వశాస్త్రం చెప్పిన మనిషి, ఆ ప్రశ్నని ఊకలోనే వదిలేసి, బట్టలు దులుపుకుంటూ లేచాడు.

మూడింటికి కమిటీ మందిరంలోకొచ్చింది. సౌమిత్రి గారు ఖాళీ కుర్చీలు చూసి, సంగతి విని, గంభీరంగా మారిపోయారు. ఇది మిక్కిలి శోచనీయమన్నారు. కూర మాత్రం శ్లాఘనీయమనీ, రెండింటినీ కమిటీ వేరువేరుగా నమోదు చేస్తుందనీ అన్నారు. కొలవడానికి ఫలితం లేనప్పుడు నైపుణ్యం లేనట్టే, నైపుణ్యం లేనప్పుడు పాఠశాల జరగనట్టే, జరగని పాఠశాలకి సంతకం ఎలా పెడతాం అని సభ్యులవైపు తిరిగారు. సభ్యులు తలలూపారు. గోడ గడియారం మూడుంపావు చూపిస్తోంది. మాస్టారు దాన్నే చూస్తున్నాడు, తనకి మిగిలిన ఆయుర్దాయం దాంట్లోనే ఉన్నట్టు.

అప్పుడు వెనకనుంచి ఎవరో ముందుకొచ్చారు. చూస్తే కోమలి. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఐదుగురూ కూర్చున్న బల్ల ముందు నిలబడి, వాళ్ళ ఎదురుగా నేలమీద కూర్చుంది. ఎందుకంటే పైనుంచి అరిస్తే ఎవరూ తినరని తెలుసు. బల్లకాలు మీద వేలితో రెండుసార్లు టకటక కొట్టింది. ఐదుగురూ ముందుకి వంగారు.

"అయ్యా, మా నైపుణ్యం ఎక్కడికీ పోలేదు. పొద్దున ఆరు దాకా మా దగ్గరుంది. ఇప్పుడు మీ దగ్గరుంది. మూడుసార్లు వేయించుకున్నారు, నేను లెక్కపెట్టాను. కొలవాలంటే మిమ్మల్నే కొలవాలి."

రెండేళ్ళలో మొదటిసారి ఆ పిల్ల గొంతు విన్న అర్థశాస్త్రం ఆచార్యుడు ఎవరీ అమ్మాయని పక్కాయన్ని అడిగాడు. నీ క్లాసే అని పక్కాయన చెప్పాడు.

సౌమిత్రి గారికి కోపం రావలసింది. కానీ తొమ్మిదో నిబంధన ఆయనే రాశారు, దాంట్లో కొలత ఎక్కడ చేయాలో రాయలేదు. కమిటీలో గణాంకశాస్త్రం ఆయనొకడు ఉన్నాడు. ఆయన ఉత్సాహంగా లేచి, ఇది శాస్త్రీయంగా సాధ్యమేనన్నాడు. ఐదుగురినీ నమూనాగా తీసుకుందాం, ఇప్పుడు తూద్దాం, భోజనానికి ముందు బరువెంతో ఎవరిది వాళ్ళు గౌరవపూర్వకంగా ప్రకటిద్దాం, తేడాయే ఫలితం అన్నాడు. బియ్యం బస్తాలు తూచే కాటా స్టాకులో ఉందని త్రిపురాంబ గారు వెంటనే విడుదల చేసింది.

ముందు ప్రకటనలయ్యాయి. సౌమిత్రి గారు కాస్త పొట్ట లోపలికి తీసుకుని, డెబ్భై ఎనిమిది అన్నారు. గణాంకాలాయన అరవై ఆరన్నాడు. మిగతా ముగ్గురూ పెళ్ళిచూపులనాటి బరువులు చెప్పారు. తరవాత పీరా ఒక్కొక్కరినీ చెయ్యిపట్టి కాటా ఎక్కించాడు. కదలకండి సార్, రెక్కలు దగ్గర పెట్టుకోండి, అని అలవాటుకొద్దీ అన్నాడు. సౌమిత్రి గారు ఎనభై ఏడు తూగారు. అందరివీ కూడితే, చెప్పినదానికీ తూగినదానికీ తేడా ముప్పైఒక్క కిలోలు. తలసరి ఆరు కిలోల రెండువందల గ్రాములు.

ఆరు కిలోల కోడిని తన జన్మలో చూళ్ళేదని పీరా మాస్టారి చెవిలో అన్నాడు. గణాంకాలాయన అంకె చూసి మళ్ళీ కూడాడు, అంతే వచ్చింది. తేడా తప్పంటే తాము చెప్పిన బరువు తప్పని ఒప్పుకోవాలి. సౌమిత్రి గారు సభ్యుల మొహాలు చూశారు, సభ్యులు కాటా చూశారు. ఎవరూ తన బరువు సరిదిద్దుకోవడానికి ముందుకు రాలేదు.

"అసాధారణ ప్రగతి," అన్నారు సౌమిత్రి గారు, కలం తీస్తూ. "రాష్ట్రంలో ఇంకెక్కడా తలసరి నైపుణ్యం అర కిలో కూడా లేదు."

సంతకాలు పడేసరికి నాలుగున్నర. మాస్టారు ఆ కాయితం పట్టుకుని పరిగెత్తాడు. గుమ్మాల దగ్గర తల వంచడం ఆ ఒక్కరోజే మరిచిపోయాడు, రెండుచోట్ల బొప్పి కట్టింది. రిజిస్ట్రారు గారు కమిటీ నివేదిక మొదటినుంచి చివరిదాకా, చివరినుంచి మొదటిదాకా చదివి, ఐదు కావడానికి మూడు నిమిషాలుండగా పునర్నియామకం మీద సంతకం పెట్టారు. చేతికందిన ఉత్తర్వులో ఇలా ఉంది: సహాయాచార్యులు, తత్వశాస్త్రము (కోళ్ళు). పోస్టుకి ఇప్పుడు అవసరం కనిపించిందని ఆడిట్టువాళ్ళు ఆకుపచ్చ సిరాతో రాశారట.

పిల్లలకి పత్రాలు అందాయి. అరవైమంది పత్రాల మీదా శిక్షకుడి సంతకం కాశింపీరాదే. యేసుబాబు సిద్ధాంతగ్రంథం పరీక్షకు వెళ్ళింది. కోమలికి పెద్దవాళ్ళను కూర్చోబెట్టి ఒప్పించిన పిల్ల అని పేరుపడి, ఎవరు దేనికి వాదించాలన్నా ఆమెనే పిలుస్తున్నారు. పదిహేడో నంబరు మాట ఎత్తితే మాత్రం ఇప్పటికీ మాట్లాడదు. వచ్చే ఏటికి తలసరి లక్ష్యం పదిశాతం పెంచి, ఆరు కిలోల ఎనిమిది వందలు చేశారు. ఫారం కోడి అంత ఎదగదని పీరా రాసిచ్చాడు. అయితే ఏదెదుగుతుందో పరిశీలించి తెలపమని కమిటీ రాసింది. మేకలా, దూడలా అన్నది ఇంకా తేలలేదు. రెండువందల పద్నాలుగు మంది ఆచార్యులూ నైపుణ్యపు కాయితం కోసం వచ్చే వేసవికి పేర్లిచ్చుకున్నారు. నాయకత్వం మీద నాలుగు పుస్తకాలు రాసినాయన అందరికన్నా ముందు వరసలో నిలబడ్డాడు.

అంతా చెప్పాను గానీ ఒక్క చోట నా చెయ్యి పెట్టాను, అదీ చెప్పేస్తాను. ఆ కాటా నా కల్పన. కోళ్ళు తినడం నిజం, కోమలి నేలమీద కూర్చుని అడగడం నిజం, నివేదికలో ఆరు కిలోల రెండువందల గ్రాములని ఉన్నది నిజం, కావాలంటే వెళ్ళి చూసుకోండి. కానీ ఎవరూ ఏ కాటా ఎక్కలేదు. ఆ పిల్ల అడిగిందానికి ఎవరికీ జవాబు దొరక్క, సౌమిత్రి గారు కలం తీసి, సరే ఎంత రాద్దాం అన్నారట. ఆయనే ఆరు అని వేసి, మరీ గుండు అంకెలా ఉంటే నమ్మరని పక్కన రెండువందల గ్రాములు కలిపారట. అంత పెద్దమనిషి ఊరికే అంకె వేశాడంటే మీరు నమ్మరేమోనని, నేనే కాటా మోసుకొచ్చి పెట్టాను.